బెంగళూరులో ఇద్దరు పిల్లలతో 500 రూపాయల్లో ఆదివారం షికారు: ఎక్కడికి, ఎలా, ఏమేం పట్టుకెళ్ళాలి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: రామమూర్తినగర్‌లో అద్దెకుంటున్నారు. పాపకు ఎనిమిదేళ్ళు, బాబుకు నాలుగు. కారు లేదు, ఒక స్కూటర్ ఉంది. ఆదివారం వస్తే మాల్‌లో ప్లే ఏరియా, ఫుడ్ కోర్టు కలిపి రెండు మూడు వేలు అయిపోతున్నాయి. నెలకు రెండుసార్లు, ఒక్కోసారి 500 దాటకుండా పిల్లల్ని ఆరుబయటకు తీసుకెళ్ళడం కుదురుతుందా, వేసవిలో ఊరి నుంచి అమ్మమ్మ, తాతయ్య వచ్చినప్పుడు ఎలా అని అడిగారు.

నిక్షేపంగా కుదురుతుంది. కొన్ని వారాలు 200 కూడా దాటదు. పద్ధతి ఒక్కటే: ఒకే చోటు, సగం రోజు, పొద్దున్నే. ఆరున్నర, ఏడింటికల్లా గడప దాటాలి, పదకొండున్నరకల్లా ఇంటికొచ్చేయాలి. తిండి ఇంటి నుంచే. వెళ్ళే చోటు ఎంత పేరున్నదని కాకుండా, మీ ఇంటి నుంచి ఒకే బండిలో చేరొచ్చా, నీడ ఉందా, టాయిలెట్ ఉందా అని చూసి ఎంచుకోండి. ఈ మూడూ ఉన్న మామూలు చెరువు గట్టు, ఇవి లేని పెద్ద టూరిస్టు స్పాట్ కంటే పిల్లలకు ఎక్కువ సంతోషాన్నిస్తుంది.

సగం రోజే ఎందుకంటే, నాలుగేళ్ళ పిల్లాడు ఆరుబయట హుషారుగా ఉండేది రెండు, రెండున్నర గంటలే. ఆ తర్వాత ఎత్తుకోమంటాడు, ఆకలంటాడు, నిద్రకు పేచీ పెడతాడు. అక్కడి నుంచే ఖర్చు మొదలవుతుంది. ఏడుపు ఆపడానికి ఐస్‌క్రీమ్, నడవలేక క్యాబ్, వంట చేసే ఓపిక లేక హోటల్ భోజనం. అదీగాక బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన ఉంది. గాలి చల్లగా ఉండటంతో ఎండ తెలియదు గానీ మార్చి, ఏప్రిల్‌లో పదకొండు దాటితే పిల్లల ముఖాలు కమిలిపోతాయి. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రాలు ఉరుములతో వాన. అందుకే ఈ ఊళ్ళో పొద్దునే నమ్మకమైన వేళ.

రాకపోకల లెక్క ముందు తేల్చుకోండి

మెట్రో చవక అని చాలామంది అనుకుంటారు. ఒక్కరికైతే చవకే, కుటుంబానికి కాదు. 2025 ఫిబ్రవరిలో ఛార్జీలు పెరిగాక కనీస టికెట్ 10, గరిష్ఠం 90. పిల్లలకు సగం టికెట్ లేదు. మూడడుగుల లోపు ఎత్తుంటే ఉచితం, అంతకు మించితే పూర్తి టికెట్. నాలుగేళ్ళ పిల్లలు చాలావరకు ఆ ఎత్తు దాటే ఉంటారు. అంటే మీకు నాలుగు టికెట్లు. మీ దగ్గర్లోని కె.ఆర్.పురం స్టేషన్ నుంచి కబ్బన్ పార్కుకు మనిషికి 50, 60 వేసుకున్నా రానూపోనూ 400 పైమాటే. మీ బడ్జెట్ అక్కడే అయిపోయింది. స్మార్ట్ కార్డుతో ఆదివారాలు 10 శాతం తగ్గుతుంది గానీ ఒక కార్డు మీద ఒక్కరే వెళ్ళగలరు. ఇంకో సంగతి, ఆదివారం మెట్రో మొదలయ్యేదే ఏడింటికి.

బి.ఎం.టి.సి. (ఇక్కడి సిటీ బస్సుల సంస్థ) మామూలు బస్సు లెక్క వేరు. ఆరేళ్ళ లోపు పిల్లలకు టికెట్ లేదు, పన్నెండు వరకు సగం. పైగా 2023 జూన్ 11 నుంచి శక్తి పథకం కింద కర్ణాటక వాసులైన ఆడవాళ్ళకు ఏసీ లేని బస్సుల్లో ప్రయాణం ఉచితం, ఆడపిల్లలకూ అంతే. అంటే మీ ఇంట్లో టికెట్ కొనాల్సింది ఒక్క నాన్నే.

ఇక్కడే మన తెలుగువాళ్ళు నష్టపోతున్నారు. ఏళ్ళ తరబడి ఇక్కడే ఉంటూ ఆధార్‌లో మాత్రం కడప అడ్రసో, గుంటూరు అడ్రసో అలాగే ఉంచేస్తారు. కండక్టర్ చూసేది కార్డు మీద కర్ణాటక అడ్రస్ ఉందా లేదా అనే. అద్దె అగ్రిమెంటు ఉంటే అడ్రస్ మార్పు పెద్ద పని కాదు, ఒకసారి చేయించుకుంటే ఏడాది పొడవునా మిగులు. ఒక జాగ్రత్త: ఉచితమే కదా అని ఊరికే కూర్చోకూడదు. కండక్టర్ నుంచి జీరో టికెట్ అడిగి తీసుకోవాలి. చెకింగ్ వాళ్ళు వచ్చినప్పుడు అది చేతిలో ఉండాలి. వజ్ర ఏసీ బస్సులకు ఈ పథకం వర్తించదు, తొందరలో ఎక్కేయకండి.

వెళ్ళేటప్పుడు బస్సు, వచ్చేటప్పుడు మెట్రో అనే పద్ధతి మీ ఏరియాకు బాగా సరిపోతుంది. పొద్దున రోడ్లు ఖాళీ, బస్సు వేగంగా పోతుంది. తిరుగు ప్రయాణానికి ట్రాఫిక్ మొదలవుతుంది, పిల్లలు అలసిపోయి ఉంటారు, అప్పుడు మెట్రోకు పెట్టిన డబ్బు దండగ కాదు. స్టేషన్ నుంచి ఇంటికి ఆటో అయితే మీటర్ మీద మొదటి 2 కిలోమీటర్లకు 36, ఆపైన కిలోమీటరుకు 18. ఇది 2025 ఆగస్టు నుంచి ఉన్న రేటు, దీన్నిబట్టి బేరం న్యాయమైనదా కాదా తెలుస్తుంది.

స్కూటర్ మీద నలుగురూ వెళ్దామన్న ఆలోచన ఉంటే మానుకోండి. నాలుగేళ్ళు దాటిన పిల్లాడిని చట్టం ఒక మనిషిగానే లెక్కిస్తుంది, హెల్మెట్ తప్పనిసరి. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ళ లోపు వాళ్ళకైతే హెల్మెట్, నడిపేవారికి కట్టుకునే బెల్టు, 40 దాటని వేగం, ఈ మూడూ 2023 ఫిబ్రవరి నుంచి నిబంధన. ఆదివారం ఉదయం ఖాళీ రోడ్లమీద బండ్లు ఎంత వేగంగా పోతాయో మీకు తెలుసు.

ఎక్కడికి

మొదటి ఆదివారం కబ్బన్ పార్కు పెట్టుకోండి. 1870లో వేసిన తోట, దాదాపు 300 ఎకరాలు. ఆదివారాలు లోపలి రోడ్ల మీద బండ్లు రానివ్వరు. ఈ ఒక్క కారణంతోనే నేను దీన్ని మొదట చెబుతాను. చెయ్యి పట్టుకోకుండా పిల్లాడిని తారు రోడ్డు మీద పరిగెత్తనిచ్చే అవకాశం ఈ ఊళ్ళో ఇంకెక్కడ దొరుకుతుంది? స్కేట్లుంటే తెచ్చుకోండి. బ్యాలెన్స్ సైకిల్ కూడా తేవచ్చు గానీ బస్సులో మోయడం కష్టం. మెట్రో స్టేషన్ వైపు నుంచి లోపలికి వచ్చి, వెదురు పొదల మీదుగా నెమ్మదిగా నడిచి, చివర్లో బాలభవన్ చేరేలా వేసుకోండి. బాలభవన్‌కు ముందు వెళ్తే బొమ్మ రైలు, ఊయలలు చూశాక పిల్లలు చెట్ల వైపు రమ్మన్నా రారు. బాలభవన్‌కు సోమవారం సెలవు.

వాన పట్టుకుంటే కస్తూర్బా రోడ్డులో విశ్వేశ్వరయ్య మ్యూజియం ఉంది. తొమ్మిదిన్నరకు తెరుస్తారు, టికెట్లు, రాకపోకలు కలిపితే మాత్రం బడ్జెట్ దాటొచ్చు. దాన్ని వేరే రోజుకు, వానాకాలానికి దాచుకోండి. చిన్నస్వామి స్టేడియంలో మ్యాచ్ ఉన్న రోజు మాత్రం కబ్బన్ పార్కు ఛాయలకు పోవద్దు. తిరుగు ప్రయాణంలో మెట్రోలో ఇరుక్కుంటారు.

లాల్‌బాగ్ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది దీన్ని తప్పు వరసలో చూస్తారు. 240 ఎకరాలు, హైదర్ అలీ 1760లో మొదలుపెట్టిన తోట. వచ్చినవాళ్ళు నేరుగా గాజు మేడకు (గ్లాస్ హౌస్) పోయి, అక్కడ ఫొటోలు దిగి, ఎండెక్కాక తోటలోని పెద్ద రాతి బండ మీదికి పోతారు. ఆ వరస తిరగేయండి. ముందు బండ, తర్వాత చెట్లు, చివర చెరువు. బండ మీద నీడ లేదు, తొమ్మిదిన్నర దాటితే కాళ్ళు కాలతాయి. ఏడున్నరకైతే చల్లగా ఉంటుంది, పిల్లలు పాకుతూ ఎక్కుతారు, జారుతూ దిగుతారు, దానికి టికెట్ లేదు. రాత్రి వాన పడి ఉంటే మాత్రం వద్దు, నున్నటి రాయి తడిస్తే పెద్దవాళ్ళకే కాలు నిలవదు. ఆ రాయి వయసు దాదాపు 300 కోట్ల ఏళ్ళు, జియలాజికల్ సర్వే వాళ్ళు దాన్ని జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా ప్రకటించారు. డైనోసార్లు అంతరించి 6.6 కోట్ల ఏళ్ళే అయింది. మీ పాపతో ఈ రెండు అంకెలూ చెప్పి, డైనోసార్లు పుట్టకముందు నుంచే ఈ రాయి ఇక్కడుందని చెప్పండి. ఎనిమిదేళ్ళ వయసులో ఆ మాట గట్టిగా మనసులో పడుతుంది.

బండ మెయిన్ గేటుకు దగ్గర. మెట్రో స్టేషన్ వెస్ట్ గేటు వైపు ఉంది. కాబట్టి వెళ్ళేటప్పుడు బస్సులో మెయిన్ గేటుకు వెళ్ళి, బండ నుంచి గాజు మేడ, తెల్లబూరుగు మహావృక్షం, చెరువు చూసుకుంటూ వెస్ట్ గేటు నుంచి బయటపడితే వెనక్కి నడిచే పని తప్పుతుంది. నాలుగేళ్ళ వాడితో వెనక్కి నడవడమే కష్టం, ముందుకైతే ఎంతైనా నడుస్తాడు. మామూలు రోజుల్లో పొద్దున వాకింగ్ వేళ టికెట్ ఉండదు, తొమ్మిది తర్వాత ఉంటుంది. గణతంత్ర దినోత్సవానికి, స్వాతంత్ర్య దినోత్సవానికి జరిగే పూల ప్రదర్శన రోజుల్లో టికెట్ కూడా ఎక్కువే, జనం విపరీతం. చంటిపిల్లలతో పూల ప్రదర్శన చూడాలంటే పనిరోజు పొద్దున తెరిచిన గంటలోనే వెళ్ళాలి. ఆదివారం వెళ్తే పిల్లలకు కనిపించేది ముందువాళ్ళ వీపులే.

చెరువులు. నెలలో ఒక వారం దగ్గర్లోని చెరువుకు వెళ్తే ఖర్చు దాదాపు లేనట్టే. మీ వైపు కల్కెరె, వెంగయ్యన కెరె ఉన్నాయి. సర్జాపుర రోడ్డులో కైకొండ్రహళ్ళి, ఉత్తరాన జక్కూరు పక్షులకు బాగుంటాయి. ఏ చెరువైనా పిల్లలతో వెళ్ళేముందు మీరొక్కరే ఒక పొద్దున వెళ్ళి మూడు విషయాలు చూసి రండి: వాసన వస్తోందా, కట్ట పొడవునా కంచె ఉందా, గేటు ఎన్నింటికి మూస్తారు. చాలా చెరువుల గేట్లు పొద్దున, సాయంత్రం వేళల్లోనే తెరిచి మధ్యాహ్నం మూసేస్తారు. ఇది తెలియక తొమ్మిదిన్నరకు ఆటో దిగి, తాళం చూసి వెనక్కి తిరిగే కుటుంబాలు కనిపిస్తూనే ఉంటాయి.

చెరువు దగ్గర పిల్లలకు నచ్చేది కదలికే గానీ పక్షుల పేర్ల జాబితా కాదు. మన నేలపట్టు పక్షుల కేంద్రానికి వచ్చే గూడబాతులే (పెలికాన్లు) ఇక్కడా కనిపిస్తాయి. గూడబాతు నీళ్ళలోకి మూతి ముంచి, గొంతు కింద సంచి నిండా నీళ్ళతో సహా చేపను ఎత్తి, నీళ్ళు కారిపోయేదాకా ఆగి, తల పైకెత్తి మింగుతుంది. ఇదంతా చూడటానికి బైనాక్యులర్ అక్కర్లేదు. నీటికాకి రెక్కలు బార్లా చాపి ఎందుకు కూర్చుందో అడగమనండి. దాని ఈకలు నీటిని పీల్చుకుంటాయి, అందుకే లోతుకు మునగగలదు, పైకొచ్చాక ఆరబెట్టుకోక తప్పదు. ఒక చోట పావుగంట కదలకుండా కూర్చుంటే పది చోట్లు తిరిగిన దానికంటే ఎక్కువ కనిపిస్తుంది.

బసవనగుడిలో బ్యూగల్ రాక్ ఉంది, లాల్‌బాగ్ బండ లాంటిదే, నీడ ఎక్కువ. కార్తీకమాసం చివరి సోమవారం అక్కడ దొడ్డబసవణ్ణ గుడి ముందు కడలెకాయి పరిషె, అంటే వేరుశనగకాయల జాతర. మనవైపు నుంచీ కాయలు అమ్ముకునేవాళ్ళు వస్తారు. జాతర అసలు రోజున కాకుండా ముందురోజు ఆదివారం పొద్దున్నే వెళ్తే రాశులు, బొమ్మలు, బండ్లు అన్నీ ఉంటాయి, తోపులాట ఉండదు.

బన్నేరుఘట్ట మీ బడ్జెట్లో పట్టదు. సఫారీతో కలిపి నలుగురికి టికెట్లే చాలా అవుతాయి. ఏడాదికోసారి పుట్టినరోజుకో, దసరా సెలవులకో పెట్టుకోండి, జూ ఒక్కటే చూస్తే తక్కువలో అవుతుంది. మంగళవారం సెలవు. నంది కొండ 60 కిలోమీటర్లు, ఆదివారం రద్దీ, కోతులు తిండి లాక్కుంటాయి. బాబుకు ఇంకో మూడేళ్ళు వచ్చేదాకా ఆగండి. తురహళ్ళి అడవిలో నీళ్ళు, టాయిలెట్ ఉండవు, అదీ ఇప్పుడు వద్దు.

తిండి: ఇక్కడే అసలు పొదుపు

బయట నలుగురు టిఫిన్ చేస్తే, దర్శినిలో (ఇక్కడి చవక టిఫిన్ హోటల్) నిలబడి తిన్నా 250 అవుతుంది. అందుకే రెండు విడతల తిండి ఇంటి నుంచి తీసుకెళ్ళండి. బయల్దేరేముందు పిల్లలకు పాలు, అరటిపండు చాలు. తొమ్మిదికి అసలు టిఫిన్, పదిన్నరకు చిరుతిండి.

పులిహోరను మించినది లేదు. నలుగురికీ గ్లాసున్నర బియ్యం, అంటే 300 గ్రాములు. చింతపండు పులుసు ముందురోజు రాత్రే నూనె పైకి తేలేదాకా ఉడికించి పెట్టుకోండి. తెల్లారి అన్నం పలుకుగా వండి, పళ్ళెంలో పరిచి, పసుపు, రెండు చెంచాల నూనె చల్లి, ఫ్యాన్ కింద ఇరవై నిమిషాలు పూర్తిగా ఆరనిచ్చాకే కలిపి డబ్బాలో పెట్టండి. వేడిగా మూత పెడితే ఆవిరి మూతకు పట్టి నీళ్ళై కారుతుంది, అన్నం ముద్దవుతుంది, తొందరగా పాడవుతుంది. బాబుకు ఎండుమిర్చి వేయకముందే కొంచెం పక్కకు తీసిపెట్టండి.

పెరుగన్నం పులవకుండా ఉండాలంటే పెరుగుతో కలపకండి. మెత్తటి అన్నంలో గోరువెచ్చటి పాలు పోసి, ఒక చెంచా పెరుగు వేసి కలిపితే పదింటికల్లా సరిగ్గా తోడుకుని కమ్మగా ఉంటుంది. కొబ్బరి చట్నీ తేవద్దు, ఎండలో నాలుగు గంటలు నిలవదు. ఇడ్లీ తెస్తే కారప్పొడి, నూనెలో ముంచి తేవాలి. చిరుతిండికి వేయించిన మరమరాలు, పల్లీ ఉండలు, కీరా ముక్కలు, యాలక్కి అరటిపళ్ళు. చిప్స్ వద్దనడానికి కారణం ఉప్పు. తిన్న పావుగంటకు తెచ్చిన నీళ్ళన్నీ అయిపోతాయి.

కబ్బన్ పార్కులో, లాల్‌బాగ్‌లో గడ్డి మీద చాప పరిచి భోజనాలు పెట్టుకుంటే సెక్యూరిటీ వాళ్ళు ఒప్పుకోరు, ప్లాస్టిక్ కవర్లు అసలే రానివ్వరు. కాబట్టి అసలు టిఫిన్ గేటు బయటే ఎక్కడైనా కూర్చుని తినేసి లోపలికి వెళ్ళేలా చూసుకోండి, లేదా తొమ్మిదిన్నరకల్లా బయటికొచ్చి తినండి. చెరువు గట్ల మీద ఈ ఇబ్బంది తక్కువ, చెత్త మాత్రం మళ్ళీ సంచిలోనే. మెట్రోలో తినడం నిషేధం, పిల్లాడి చేతిలో బిస్కెట్ ఉన్నా మాట పడాల్సొస్తుంది.

నీళ్ళు నలుగురికీ రెండున్నర లీటర్లు. రెండు పెద్ద సీసాలు, పాప మోసేలా ఒక అర లీటరు సీసా. ఒక ఓఆర్ఎస్ ప్యాకెట్ సంచిలో ఎప్పుడూ ఉండాలి. చిన్న ప్యాకెట్ 200 మిల్లీలీటర్లకు, పెద్దది లీటరుకు. పెద్ద ప్యాకెట్‌ను గ్లాసు నీళ్ళలో కలిపితే ఉప్పు మోతాదు మించి పిల్లలకు హాని. ఓఆర్ఎస్ అని పేరు పెట్టి అమ్మిన తియ్యటి టెట్రాప్యాక్ డ్రింకులు అసలైన ఓఆర్ఎస్ కాదు. హైదరాబాద్‌కు చెందిన పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు దానిమీద ఏళ్ళ తరబడి పోరాడాక 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. మందుల షాపులో ప్యాకెట్ మీద డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని ఉన్నది చూసి కొనండి.

గేటు దగ్గర బెలూన్లు, బుడగల సీసాలు, మొక్కజొన్న, ఉప్పుకారం జామకాయలు తప్పవు. వద్దు వద్దు అని పోట్లాడే బదులు ఇంటి దగ్గరే ఒక్కొక్కరికి 30 రూపాయలు చేతికివ్వండి. దేనికి ఖర్చుపెట్టుకున్నా వాళ్ళ ఇష్టం, అయిపోతే అంతే. పాప చిన్న పర్సులో పెట్టుకుని రేట్లు అడుగుతుంది, లెక్క వేస్తుంది, చాలాసార్లు కొనకుండానే తిరిగొస్తుంది. ముందు ఇవ్వకుండా అక్కడ ఇస్తే మాత్రం ఈ పద్ధతి పనిచేయదు.

అక్కడికెళ్ళి ఏం చేయించాలి

ఏమీ చేయించకపోయినా ఫరవాలేదు. మొదటి అరగంట వాళ్ళ మానాన వదిలేయండి. మట్టి, పుల్లలు, చీమలు చాలు. ఆ తర్వాత విసుగు మొదలైతే సంచిలో నాలుగు పలుచటి ఏ4 కాగితాలు, పై కాగితం చుట్టు తీసేసిన రెండు మైనపు క్రేయాన్లు ఉండాలి. కాగితాన్ని చెట్టు బెరడుకు ఆనించి మీరు గట్టిగా పట్టుకోండి, పిల్లలు క్రేయాన్‌ను అడ్డంగా పడుకోబెట్టి మెల్లగా రుద్దాలి. మొనతో రుద్దితే కాగితం చిరుగుతుంది. నిద్రగన్నేరు బెరడుకు లోతు గాడులు వస్తాయి, కానుగకు దాదాపు ఏమీ రావు. మూడు చెట్లవి తీశాక కాగితాలు కలిపేసి ఏది ఏ చెట్టుదో కనుక్కోమంటే మరో అరగంట గడిచిపోతుంది.

ఈ ఊరి చెట్లకు పూతల వరస ఉంది. జనవరి నుంచి గులాబీ రంగు టబెబూయా, ఫిబ్రవరి, మార్చిలో పసుపు రంగుది, మార్చిలో జకరండా ఊదా, ఏప్రిల్, మేలో తురాయి. నెలకో రంగు రాలిన పూలు ఏరి పాత పుస్తకంలో పెట్టిస్తే ఏడాదికి మంచి ఆల్బమ్ అవుతుంది. రాలినవే ఏరాలి, కొయ్యకూడదు. తోటల్లో అది నియమం కూడా. మే నెలలో గాలి లేస్తే చెట్ల కిందనుంచి వెంటనే బయటికి రండి. వేసవి జల్లులకు తురాయి, నిద్రగన్నేరు కొమ్మలు విరిగి పడటం ఇక్కడ ప్రతి ఏటా జరిగేదే.

జాగ్రత్తలు

గేటు లోపలికి అడుగుపెట్టగానే పిల్లలిద్దరినీ ఒక ఫొటో తీయండి. తప్పిపోతే ఆ రోజు వేసుకున్న బట్టలు చూపించడానికి అదే పనికొస్తుంది. బాబు ముంజేతి మీద బాల్‌పెన్‌తో ఫోన్ నంబర్ రాయండి. కనిపించకుండా పోయిన మొదటి నిమిషంలోనే గట్టిగా పేరు పెట్టి పిలుస్తూ, బట్టల రంగు చెబుతూ చుట్టుపక్కల వాళ్ళను కలుపుకోండి, ఒకరు గేటు వైపు పరిగెత్తండి. సహాయానికి 112, పిల్లలకు 1098.

పార్కుల్లో కుక్కలు ఎక్కువ. తినుబండారం చేతిలో పట్టుకుని పిల్లలు పరిగెత్తకూడదు. కరిచినా, రక్తం రాకుండా గోరు గీసుకున్నా, సబ్బుతో పారే నీళ్ళ కింద పావుగంట కడిగి అదే రోజు టీకా వేయించాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. చిన్న గాటే కదా అని పసుపు అద్ది ఊరుకోవడం ప్రాణాంతకం, ఈ ఒక్క విషయంలో వాయిదా పనికిరాదు.

టాయిలెట్ కోసం మెట్రో స్టేషన్, పెట్రోల్ బంకు, ఈ రెండూ గుర్తుంచుకోండి. లోపలికి వెళ్ళేముందు అవసరం ఉన్నా లేకపోయినా ఇద్దరినీ వెళ్ళొచ్చేలా చేయండి. సంచిలో బాబుకు ఒక జత బట్టలు, సబ్బు, పాత తువ్వాలు. జూన్ నుంచి నవంబరు దాకా డెంగీ భయం ఉంటుంది, ఆ దోమ పగలే కుడుతుంది. నిండు చేతుల పలుచటి నూలు చొక్కాలు వేయండి.

అమ్మమ్మ, తాతయ్య వచ్చినప్పుడు

ఆరుగురైతే లెక్క మారుతుంది. అమ్మమ్మ గారి ఆధార్ ఆంధ్రా అడ్రస్‌తో ఉంటుంది కాబట్టి ఇక్కడ ఆమెకు టికెట్ కొనాలి. ఆటోలో ముగ్గురికే అనుమతి, రెండు ఆటోలు కావాలి. రెండు బస్సులు మారే చోటు పెట్టుకోకండి, ఎక్కడం దిగడమే వాళ్ళకు కష్టం.

వాళ్ళతో బసవనగుడి బాగుంటుంది. నేషనల్ కాలేజ్ మెట్రో దిగి చిన్న ఆటో. పెద్దవాళ్ళు దొడ్డ గణపతి, బసవణ్ణ దర్శనం చేసుకుని కూర్చుంటారు, పక్కనే బ్యూగల్ రాక్ మీద పిల్లలు ఆడుకుంటారు, ఎవరూ ఎవరి కోసమూ ఆగక్కర్లేదు. లాల్‌బాగ్‌కే వెళ్ళాలనుకుంటే వాళ్ళను బండ ఎక్కించకండి. లోపల తిరిగే బ్యాటరీ బండి టికెట్ వాళ్ళిద్దరికీ తీసి, చెరువు దగ్గర కలుద్దామని ముందే చెప్పండి, ఒక ఫోన్ వాళ్ళ చేతిలో ఉండాలి. మీ నలుగురూ నడిచి వచ్చేసరికి వాళ్ళు బెంచీ మీద స్థిమితంగా ఉంటారు. బీపీ, షుగర్ మాత్రలు ఇంట్లోనే వేయించి, తొమ్మిదింటి టిఫిన్ ఆలస్యం కాకుండా చూడండి. ఆరుగురికి పులిహోరకు బియ్యం రెండుంబావు గ్లాసులు పోసుకోండి.